పక్క సీటు మామ్మగారు

వరుస ముందుకు కదిలినప్పుడల్లా కూతురు ఒక అడుగు వెనక్కి వేస్తోంది.

"ఇంటికెళ్ళిపోదామా అమ్మడూ?" అని అడిగింది తల్లి. గొంతులో ఆశ దాచినా దాగలేదు.

"వద్దు. ఈసారీ వెనక్కొస్తే అక్క నన్ను బతకనివ్వదు."

నిజమే. పెదనాన్న కూతురు అప్పుడే రోలర్ కోస్టర్ ఎక్కి దిగి, రెయిలింగు అవతల ఐసుపుల్ల చీకుతూ నిలబడి ఉంది. పోయిన సెలవుల్లో ఈ పిల్ల గేటుదాకా వెళ్ళి ఏడుస్తూ తిరిగొచ్చింది. ఆ రోజే అక్క దానికి 'రివర్సు గేరు' అని పేరు పెట్టింది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తున్నారు.

"మధ్యలో ఆపమంటే ఆపుతారా అమ్మా?" పిల్ల మెల్లిగా అడిగింది.

"అంత ఎత్తులో ఎలా ఆపుతారే! కిందికి చూడకు, అంతే."

తల్లి మాత్రం పైకి చూసింది. పట్టాలు ఆకాశంలో మెలికలు తిరిగి ఉన్నాయి. ఆ బోల్టులన్నీ ఎవడు బిగించాడో! ఇంట్లో పెళ్ళాంతో గొడవపడి వచ్చాడేమో, సగం బిగించి టీకి వెళ్ళిపోయాడేమో. ఆమె సంచిలో దూది, కట్టుగుడ్డ, గ్లూకోజు పొడి, రెండు నిమ్మకాయలు ఉన్నాయి. ఇవేవీ చాలవనిపించింది.

"నువ్వు నా పక్కన కూర్చో" అంది పిల్ల.

"నేనా? మేడ మీద బట్టలారేస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"అమ్మో, అమ్మో" అని వెనకనుంచి వినిపించింది.

చూస్తే ఒక మామ్మగారు. భారీ మనిషి. కళ్ళజోడు జారకుండా తాడు కట్టుకుంది. గళ్ళ రుమాలుతో మెడ తుడుచుకున్నదే తుడుచుకుంటోంది.

"ఏమైందండీ?" అంది తల్లి.

"భయమమ్మా. చచ్చేంత భయం."

"మరి ఎందుకెక్కడం, ఈ వయసులో?"

"ఇంకే వయసులో ఎక్కను?"

పిల్ల కిసుక్కున నవ్వింది. "ఎత్తంటే భయమా మామ్మగారూ?"

"ఎత్తు కాదే తల్లీ. మధ్యలో దిగిపోతానంటే ఆపరు కదా. అదీ నా భయం."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "నాకూ అదే! చెబితే ఎవరికీ అర్థం కాదు."

తల్లికి ఒళ్ళు మండింది. అసలే బిక్కచచ్చిపోయిన పిల్ల, దానికి తోడు ఈవిడొకతె.

"మీ భయం మీ దగ్గరే ఉంచుకోండి. పసిదాని బుర్రలోకి ఎందుకెక్కిస్తారు?"

మామ్మగారు నొచ్చుకోలేదు. "నిజమేనమ్మా. నా నోరు ఊరుకోదు" అంది.

గేటు తెరుచుకుంది. మెడలో ఈల వేసుకున్న ఆయన ఇద్దరిద్దరిని లోపలికి పంపుతున్నాడు.

"పాప పక్కన ఎవరు?"

తల్లి సంచిలోంచి నిమ్మకాయలు తీసి గుప్పిట పట్టింది. పిల్ల కాలు వెనక్కి లేచింది. రెయిలింగు అవతల అక్క ఐసుపుల్ల నోట్లోంచి తీసి, ఆ పేరుతో పిలవడానికి సిద్ధమైంది.

సరిగ్గా అప్పుడే మామ్మగారు గేటు కడ్డీ పట్టుకుని వేలాడిపోయింది. "నావల్ల కాదు. కాళ్ళు ఆడటం లేదు. నేను పోతాను."

లేచిన కాలు లేచినట్టే ఉంచి పిల్ల అటు చూసింది.

"ఇంతదాకా వచ్చి పోతారా? అందరూ నవ్వుతారు మామ్మగారూ. నా చెయ్యి పట్టుకోండి."

"వదిలెయ్యవు కదా?"

"వదలను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఇద్దరూ వెళ్ళి కూర్చున్నారు. ఒడి మీదికి కడ్డీ దిగింది. పిల్ల దాన్ని తనే లాగి చూసి, "గట్టిగానే ఉంది, మీరేం కంగారుపడకండి" అని చెప్పడం తల్లికి వినిపించింది.

రైలు కదలగానే తల్లి కళ్ళు మూసుకుంది.

పైనుంచి ఒకటే కేక. "అమ్మో, చచ్చాను! తల్లీ, చెయ్యి వదలకే!"

అది మామ్మగారి గొంతు. కూతురి గొంతు కోసం ఎంత వెదికినా వినబడలేదు. తల్లి చేతిలో నిమ్మకాయలు రెండూ నలిగిపోయాయి.

దిగొచ్చేసరికి పిల్ల జుట్టు పిచ్చుకగూడులా ఉంది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, భయపడ్డానికి నాకు తీరికే దొరకలేదు! ఆవిడని చూసుకోవడంతోనే సరిపోయింది."

మామ్మగారు పక్కన బల్ల మీద కూర్చుని ఒగురుస్తోంది. తల్లికి జాలేసింది, గెలిచినవాళ్ళకి వేసే జాలి.

"ఇక చాలు పెద్దమ్మా, ఇంటికెళ్ళి పడుకోండి. ఇవి మీలాంటి పిరికివాళ్ళకి కాదు. మా పిల్ల ఉండబట్టి గట్టెక్కారు."

"అవునమ్మా, బంగారుతల్లి" అంది మామ్మగారు.

బయట అక్క, "ఎలా ఉందే రివర్..." అని సగంలో మింగేసి, "ఎలా ఉందే?" అని మళ్ళీ అడిగింది.

"నాకు బానే ఉంది. మామ్మగారికే, పాపం."

ముగ్గురూ ఐసుపుల్లలు తిన్నారు. కూతురికి జలుబు చేస్తుందేమోనన్న ఆలోచన తల్లికి సగం పుల్ల అయ్యాక గానీ రాలేదు.

బస్సు దాకా వచ్చాక చూస్తే పిల్ల గుప్పిట్లో గళ్ళ రుమాలు.

"పాపం, మెడ దేంతో తుడుచుకుంటుంది?" అంటూ తల్లి వెనక్కి పరిగెత్తింది.

గేటు దగ్గర రెండు జడల చిన్నపిల్ల ఒకతె నిలబడి ఉంది. చెంపల మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు. అయినా తన చెయ్యి ఎవరికో అందిస్తోంది.

"నాకు ఆ చీకటి సొరంగమంటేనే భయం తల్లీ, చెయ్యి వదిలెయ్యవు కదా?" మామ్మగారి గొంతే.

తల్లి పిలిచేలోగా కడ్డీ దిగిపోయింది. రైలు కదిలింది. అవతల బస్సు హారను కొడుతోంది.

"మళ్ళీ ఎక్కిందా ఆవిడ? అంత భయం పెట్టుకునా?"

ఈల ఆయన రుమాలు అందుకుని నవ్వాడు.

"భయమా! ఆ పట్టాల బోల్టులన్నీ పైకెక్కి బిగించింది ఆవిడేనమ్మా. రిటైరయ్యాక, భయపడే పిల్లల పక్కన కూర్చుని వాళ్ళకంటే ఎక్కువ భయపడటమే పనిగా పెట్టుకుంది."