పక్క సీట్లో మనిషి

కారు వెనక్కి తియ్యాలంటే ఆ అమ్మాయికి ప్రాణం పోయినంత పనయ్యేది.

ముందుకైతే ఫరవాలేదు, దూకుడుగానే నడిపేది. రివర్సు అనేసరికి అద్దంలో కుడీ ఎడమా తారుమారై అరచేతులు చెమటలు పట్టేవి.

అలాగని నేర్చుకోక తప్పదు. టాక్సీ నడిపే నాన్నకి చూపు మసకబారుతోంది. ఆయన స్టీరింగు వదిలేసిన రోజున కూతురు పట్టుకుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకే నాన్న రోజూ పొద్దున్నే పక్క సీట్లో కూర్చుని, గోడౌన్ల వీధిలో ఆ టాక్సీ మీదే నేర్పించేవాడు.

ఆ వీధిలో ఒక ముసలాయన తగులుకున్నాడు.

కారు వెనక్కి కదలడం ఆలస్యం, ఎక్కణ్ణించో ఊడిపడేవాడు. బండి వెనక నిలబడి చెయ్యి ఊపుతూ "రానీ, రానీ" అనేవాడు. ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదు.

అమ్మాయి ఆయనకి రానీ తాత అని పేరు పెట్టింది. ఇంటికొచ్చి ఆయనలా చెయ్యి ఊపుతూ వెనక్కి నడిచి అందర్నీ నవ్వించేది. ఒకసారి ఆయన కిటికీ దగ్గరికొచ్చి, అద్దాన్ని నమ్ముకోకుండా మెడ తిప్పి చూడమని ఏదో చెప్పబోయాడు. ఈమె చటుక్కున కిటికీ అద్దం ఎత్తేసింది.

లైసెన్సు పరీక్షకి ముందు రోజు నాన్న జ్వరంతో పడుకున్నాడు. ఒక్కసారి రివర్సు చూసుకుని వచ్చేద్దామని తాళాలు తీసుకుని ఒక్కతే వెళ్ళింది.

కారు వెనక్కి కదిలింది. తాత రానే వచ్చాడు.

"రానీ, రానీ" అన్నాడు. తర్వాత "ఆగు" అన్నాడు. "ఆగమ్మా, ఆగు" అన్నాడు.

ఆ మాట ఆమెకి స్పష్టంగానే వినపడింది. కాలు మాత్రం బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కింది.

గోడకీ కారుకీ మధ్య తాత నలిగిపోయాడు. కంగారులో గేరు మార్చి ముందుకు ఉరికిస్తే ఎదురుగా కరెంటు స్తంభం. ఇంజను నుజ్జునుజ్జయింది.

గోడౌన్ కూలీలు తాతని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. కారుని షెడ్డుకి లాక్కెళ్ళారు. మెకానిక్కు దాని చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. ఇన్సూరెన్సు వస్తే సరి, లేకపోతే తూకానికి అమ్ముకోవడమేనన్నాడు.

జ్వరంతోనే నాన్న లేచి, ముందు ఆసుపత్రికి పోదాం పదమన్నాడు. కూతురు ఏడుస్తూనే చెప్పులు వేసుకుంది.

మావయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అమ్మకి తమ్ముడాయన. స్థలాల బేరాలు చేస్తాడు. నాలుగుసార్లు కోర్టు మెట్లెక్కాడు కాబట్టి చట్టమంతా తన జేబులో ఉందని ఆయన నమ్మకం.

"వెళ్ళారో, ఆయన మీ మనిషేనని ఒప్పుకున్నట్టే. ఇక బతికినంతకాలం జలగలా పట్టుకుంటాడు. ఎవరడిగినా ఒకటే మాట. ఆయనెవరో తెలీదు, పిలవకుండా వచ్చి బండికి అడ్డం పడ్డాడు. అర్థమైందా?"

అమ్మాయి చెప్పులు విప్పేసింది.

ఆ వారంలోనే ఇన్సూరెన్సు ఆఫీసరు ఇంటికొచ్చాడు. మెత్తని మనిషి. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, జరిగిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆ పెద్దాయన మీకు తెలిసినవారేనా అమ్మా?"

మావయ్య దగ్గాడు.

"ఆయనెవరో మాకు తెలీదండీ. పిలవకుండా వచ్చి అడ్డం పడ్డాడు" అంది అమ్మాయి.

ఆఫీసరు రాయడం ఆపాడు.

"నిదానంగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ పూట కార్లో మీతోపాటు ఎవరూ లేరా? పక్క సీట్లోంచి ఎవరూ దిగలేదా?"

ఇదేదో ఇరికించే ప్రశ్న అనుకుంది అమ్మాయి. కార్లో ఉన్నాడంటే తాత తమ మెడకి చుట్టుకున్నట్టే. మావయ్య వైపు చూసింది. ఆయన కనురెప్పలతోనే వద్దన్నాడు.

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

నాన్న ఏదో అనబోతే మావయ్య మళ్ళీ దగ్గాడు.

ఆఫీసరు ఆ మాటే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు చెప్పాడు. నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలట. లేకపోతే కారుకీ రాదు, ఆసుపత్రికీ రాదు, కంపెనీ నుంచి పైసా రాదట.

మావయ్య లేచి, తప్పు అడ్డం పడ్డవాడిది కదా అని దబాయించాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. నాన్న గోడకి తగిలించిన కారు తాళాల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ ఇంటికి ఉన్న ఒక్క ఆధారం తన నోటి మాటతోనే పోయిందని కూతురికి అప్పుడు తెలిసింది.

ఆఫీసరు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ ఆగాడు.

"నేను ఆసుపత్రి నుంచే వస్తున్నానమ్మా. పెద్దాయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. నడపడం మానేసినా లైసెన్సు మాత్రం జేబులోనే పెట్టుకుని తిరుగుతాడట, తీసి చూపించాడు. ఆ పిల్లకి నేర్పిస్తున్నది నేనే, పక్క సీట్లోంచి దిగి వెనక నిలబడ్డాను అన్నాడు. మీరూ అదే చెబుతారనుకున్నాను."

అమ్మాయి ఈసారి ఎవరి వైపూ చూడలేదు. చెప్పుల కోసం వెతుక్కుంది.

"ఇప్పుడు వెళ్తే నాతో మాట్లాడతారా అండీ?"

ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు.

"నేనుండగానే పోయాడమ్మా. మాట తడబడుతున్నా చెయ్యి పట్టుకుని మరీ రాయించాడు, పిల్ల తప్పేం లేదండీ, ఆగమనాల్సిన చోట రానీ అన్నది నేనేనని."