ఒక్క ఓటూ రాని వీధి

"నా ఓటు నీకు లేదు వక్కీలయ్యా. మా వీధిలో ఎవురూ నీకు వెయ్యరు" అంది చిన్నతాయి, అందరి ఎదుటా.

కోవిల్‌పట్టిలో 2004 ఏప్రిల్ ఎండ మండిపోతోంది. పార్లమెంటుకు పోటీచేస్తున్న లాయరు సోలైమలై జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. అన్ని వీధులకన్నా ఆయన ఎక్కువ ధీమాగా అడుగుపెట్టింది ఈ వీధిలోనే. వెంబకోట్టై బాణసంచా పేలుడులో మొగుళ్లను పోగొట్టుకున్న ఇక్కడి ఆడవాళ్ల కేసును విరుదునగర్ కోర్టులో వాదిస్తున్నది ఆయనే. ఫీజు కూడా అడగలేదు.

"సిలోను నుంచి పడవెక్కి వచ్చిన పరాయివాణ్ణని ఎదుటి పార్టీ మైకులో అరుస్తోంది. నువ్వూ అదే అంటావా అక్కా?"

"పడవెక్కొస్తే ఏం, బస్సెక్కొస్తే ఏం! ఓటు మాత్రం అడగొద్దు."

అలా అంటూనే లోపలికెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. "మొగమంతా వాడిపాయె. తాగు."

"ఓటెయ్యనివాళ్ల మజ్జిగ మనకెందుకు సార్?" జూనియర్ ముత్తురామన్ పళ్లు నూరాడు.

"మజ్జిగకు పార్టీ లేదయ్యా." సోలైమలై చెంబు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "నువ్వు వేసినా వెయ్యకపోయినా నేను గెలుస్తానక్కా."

చిన్నతాయి మొహం తిప్పుకుంది.

ఆయన అన్నట్టే గెలిచాడు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా టపాకాయలు పేలాయి. ఆ వీధి బూత్‌లో మాత్రం ఆయనకు ఒక్క ఓటంటే ఒక్క ఓటు పడలేదు.

మర్నాడు పొద్దున ఆయన ఇంటి ముందు, దండలు పట్టుకొచ్చినవాళ్ల వెనక చిన్నతాయి నిలబడి ఉంది. వీధి ఆడవాళ్లంతా ఆమెతోనే ఉన్నారు.

ముత్తురామన్ గేటుకు అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడేం మొహం పెట్టుకుని వచ్చారమ్మా? మీకోసం కోర్టులో గొంతు చించుకున్న మనిషికి మీరు చేసిన మర్యాద ఇదా?"

"వాళ్లను లోపలికి రానియ్" అంటూ సోలైమలై తనే ఎదురొచ్చాడు. గెలిచిన కళ మొహంలో ఉన్నా, మాటలో బాధ దాగలేదు. "ఇంతమంది నన్ను తమవాణ్ణి అనుకున్నారు. మీరొక్కరే అనుకోలేదు. ఏమిటికక్కా?"

చిన్నతాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఊరోళ్లకేమయ్యా, నిన్ను గెలిపించి ఢిల్లీకి తోలేసిరి. సెలవులయి కోర్టు తెరిస్తే, మా పక్కన నిలబడేదెవురు?"