లైన్ క్లియర్

"కింద పెట్టు దాన్ని! అరవై వేలు!"

చంద్రమోహన్ అరుపుకు హాల్లోని ఇరవై మంది లైన్‌మన్లూ వెనక్కి తిరిగారు.

వీఆర్ హెడ్‌సెట్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు ఒక ముసలాయన.

దాన్ని కళ్లకు పెట్టుకుంటే కరెంటు స్తంభం ఎక్కినట్టే ఉంటుంది. తప్పు చేస్తే కళ్ల ముందు మంట లేస్తుంది, ప్రాణం మాత్రం పోదు. దాంతో శిక్షణ ఇవ్వడానికే ఆత్మకూరు వచ్చాడు చంద్రమోహన్.

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

"మర్రిపాడు అవతల నుంచి వచ్చినాను సార్. పెంచలప్రసాద్ చచ్చిపోయింది ఇందులో చూపిస్తా ఉండారంటనే. ఒక్కసారి చూస్తా."

పెంచలప్రసాద్ పదకొండేళ్ల కిందట ఒక సోలార్ ప్లాంటు దగ్గర స్తంభం మీదే కాలిపోయిన లైన్‌మన్. ఆ ప్రమాదాన్నే పాఠంగా తయారుచేశారు.

"చూసి వెంటనే వెళ్లిపోవాలి" అంటూ విసుగ్గా తగిలించాడు చంద్రమోహన్.

ముసలాయన తల మెల్లగా పైకి లేచింది. కాసేపటికి చటుక్కున వెనక్కి జరిగాడు. హెడ్‌సెట్ తీసేసి చెమట తుడుచుకున్నాడు.

"ఇది తప్పు సార్. లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కినట్టు చూపించినారు. వాడు అడిగినాడు. 'కరెంటు తీసేసినాం, ఎక్కు' అన్నాకనే ఎక్కినాడు."

"రిపోర్టులో అలా లేదు."

"రిపోర్టు రాసేటప్పుడు చెప్పడానికి వాడు లేడు గదా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రమోహన్ ముఖం ఎర్రబడింది.

"నువ్వు చూశావా?"

ముసలాయన హాలంతా ఒకసారి చూశాడు.

"మీతో ఒంటిగా మాట్లాడాల సార్."

"పనీపాటా లేనివాళ్లతో నాకు మాటలేంటి? బయటికి పంపండి!"

ఇద్దరు చెరో రెక్క పట్టుకున్నారు. కింద పడ్డ ఆయన తువ్వాలును చంద్రమోహన్ కాలితో గడప అవతలికి నెట్టాడు.

మూడు నెలల తర్వాత పెంచలప్రసాద్ భార్య నిరోష నేరుగా శిక్షణ జరిగేచోటికే వచ్చింది.

"చచ్చినోడిదే తప్పని నాకు ఉద్యోగం ఇయ్యలా. ఇప్పుడు ఆ తప్పునే ఊరూరా తిప్పి చూపిస్తా ఉండారా? మా ఆయన అడక్కుండా ఎక్కే మనిషి కాదు!"

చంద్రమోహన్‌కు ముసలాయన గుర్తొచ్చాడు. పెంచలప్రసాద్ తండ్రే అయుంటాడనుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"మీ మామగారు ఆమధ్య వచ్చి ఇదే మాట చెప్పారమ్మా. ఆయన సాక్ష్యం ఇస్తే పాఠం మార్పిస్తాను."

"మా మామ పోయి ఇరవై ఏండ్లు."

మరి ఆ వచ్చింది ఎవరు?

ఆత్మకూరు హాలు కాపలాదారుకు ఆయన తెలిసినవాడే; అడిగితే పేరూ ఊరూ చెప్పాడు. మర్నాడే మర్రిపాడు దాటి ఓబులయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు చంద్రమోహన్.

ఆయన భార్య కామమ్మ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నెలయింది సార్, పోయి. ఆత్మకూరు నుంచి వచ్చినాక ఎవురితోనూ మాట్లాడలా. కూడు గూడా సరిగ్గా తినలా."

చంద్రమోహన్ తల వంచుకున్నాడు.

"పెంచలప్రసాద్ మీకేమవుతాడమ్మా?"

"ఏమీ కాడు" అందామె. "ఆ పొద్దు సబ్‌స్టేషన్లో డ్యూటీలో ఉండి, వాణ్ని ఎక్కమని చెప్పి, మరిచిపోయి కరెంటు వేసింది మా ఆయనే."