తాత త్రేన్పు

"దభీ!"

గ్రామఫోను పెట్టె పొట్టలో ఏదో కూలింది. తాత పాట మూడో మాట దగ్గర మూలిగి ఆగిపోయింది.

అమ్మమ్మ మొహం తిప్పేసుకుంది.

వారం నుంచీ ఇదే వరస. తాత పోయాక ఆవిడకి మిగిలింది ఆ ఒక్క రికార్డు, అందులో ఆయన గొంతు. రోజూ సాయంత్రం అది వింటేగానీ ముద్ద దిగదు. ఇప్పుడు ముద్దా దిగడం లేదు, మనవరాలితో మాటా లేదు.

ఎందుకంటే, పెట్టె కిర్రుమంటోందని దాని పొట్టలో అరసీసా తలనూనె పోసింది మనవరాలే.

ఆమె మళ్ళీ కీ ఇచ్చింది. తాత మళ్ళీ మూలిగాడు.

"ఎవరి పీక పిసుకుతున్నారమ్మా లోపల?"

గుమ్మంలో ఎవరో ముసలావిడ. చేతిలో కూరల సంచీ. గరుకు కాయితం మీద గోరు గీసినట్టు బొంగురు గొంతు.

"మా తాత పాడుతున్నాడండీ," అంది మనవరాలు.

"పాపం! ఎప్పట్నుంచీ ఈ బాధ?"

ఎవరూ రమ్మనకుండానే లోపలికొచ్చి, రికార్డు మీదికి వంగింది.

"దీని మీది పేర్ల చీటీ ఏదీ?"

"నేను పుట్టకముందే ఊడిపోయిందట. చీటీ ఎందుకండీ, పాడింది మా తాతైతే!"

"ఓహో. ఇంట్లోనూ పాడేవారా?"

"ఒక్కసారీ పాడలేదు," అంది అమ్మమ్మ. "పెళ్ళికి ముందే గొంతు పోయిందట. ఉన్న గొంతంతా ఇందులోనే పెట్టేశాననేవారు."

"చివర్లో ఆయన త్రేన్పు కూడా ఉంటుందండీ," అంది మనవరాలు.

ఆ త్రేన్పంటే ఇంటిల్లిపాదికీ భక్తి. అది వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. పాటలో ఒక్క ముక్కా అర్థం కాదు గనక, అది చాలా గొప్ప సంగీతమని చుట్టాలంతా ఏకగ్రీవంగా తీర్మానించారు.

ముసలావిడ పెట్టె మూత విప్పి వాసన చూసింది.

"దీనికి తలనూనె పెట్టిందెవరు?"

మనవరాలు ఇంటి కప్పుని పరీక్షించింది.

"నూనె పెడితే ఎవరికైనా నిద్రొస్తుంది తల్లీ. ఇంక పాటేం పాడుతుంది? స్క్రూడ్రైవరూ, కిరసనాయిలూ, పాత గుడ్డలూ పట్రా."

"స్ప్రింగు తీసేద్దామా?"

"ఆగు! ముందు దీన్ని ఊపిరి వదలనియ్యి. బిగువుండగా డబ్బా విప్పావో, నీ ముక్కు పక్కింట్లో వెతుక్కోవాలి."

బిగువంతా వదిలాక, గుడ్డ చుట్టుకున్న చేత్తో స్ప్రింగుని మెల్లగా బయటికి రాబట్టింది. అది వస్తూనే ఉంది. వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగొస్తుందేమో అనిపించింది.

"చూశావా? గ్రీజు ఎండి బంకయింది. చుట్టలు అతుక్కుపోతాయి, బిగువెక్కగానే ఒక్కసారిగా ఊడతాయి. అదే నీ దభీ. ఈ బంకతో పళ్ళెం ఇన్నేళ్ళూ ఈడ్చుకుంటూ తిరిగుంటుంది."

స్ప్రింగుని కిరసనాయిలుతో కడిగింది. మనవరాలిచేత పెన్సిలు ముల్లు నూరించి, వ్యాజలైనులో కలిపి పూసింది. ఆ వేళ్ళు దగ్గరికొస్తే స్క్రూలు లేచి నిలబడి దారిస్తున్నట్టుంది. ఒక్కో స్క్రూ బిగించినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట.

"హమ్మయ్య, ఒడ్డున పడ్డాం!"

"మీకివన్నీ ఎలా తెలుసండీ?"

"చిన్నప్పుడు ఇలాంటి పెట్టెల మధ్యే తిరిగాలే."

"పాడేవారా?"

"నేనా? నోరు తెరిస్తే కాకులు ఉద్యోగానికి రాజీనామా ఇస్తాయి."

అంటూనే గోడ మీది తాత ఫోటో చూసి నవ్వుకుంది.

కొంపదీసి తాత పాత వ్యవహారం కాదు కదా అనుకుంది మనవరాలు.

కీ ఇచ్చారు. దభీ లేదు. పళ్ళెం గిర్రున తిరిగింది.

ముసలావిడ ముల్లు ఆనించబోయి ఆగింది.

"అక్కయ్యగారూ, ఆయన గొంతెలా ఉండేది?"

"గంభీరం! బావిలోంచి ఏనుగు పిలిచినట్టు."

ముసలావిడ తిరిగే పళ్ళాన్ని చూసింది. ఎదురుచూస్తున్న అమ్మమ్మని చూసింది. పళ్ళెం పక్కనున్న చిన్న మరని గోటితో వెనక్కి తిప్పింది. ఇంకాస్త వెనక్కి తిప్పింది. పళ్ళెం నెమ్మదించింది.

అప్పుడు ముల్లు ఆనించింది.

తాత పాడాడు. బావిలోంచి, ఏనుగులా. చివర నిండుగా త్రేన్చాడు.

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆకలేస్తోందే," అంది మనవరాలితో. వారం తరవాత మొదటి మాట.

"మీ రుణం ఎలా తీర్చుకోమంటారు?" అనడిగింది ముసలావిణ్ణి.

"ఇంకోసారి వినిపించండి, చాలు."

కళ్ళు మూసుకుని, త్రేన్పుదాకా వింది.

"బాగా పాడారు మీవారు."

గుమ్మం దాకా వచ్చిన మనవరాలి చెవిలో, "మీ అమ్మమ్మ ఉన్నంతకాలం ఆ చిన్న మర జోలికి పోకు," అంది.

"పోతే?"

"మీ తాతకి కోపమొస్తుంది."

కూరల సంచీతో వీధి మలుపు తిరిగిపోయింది. పేరడగాలని ఎవరికీ తోచలేదు.

మనవరాలు తన జన్మలో నిలబెట్టుకున్న మాట అదొక్కటే. అమ్మమ్మ చివరిదాకా రోజూ మొగుడి పాట వింది, తృప్తిగా తింది, ఒక సాయంత్రం పాట వింటూనే కన్ను మూసింది.

చాలా రోజులకి దుమ్ము దులుపుతుంటే ఆ మర కనబడింది. ఇంక కోప్పడేవాళ్ళెవరున్నారులే అనుకుని, మనవరాలు దాన్ని మొదట ఉన్నచోటికి తిప్పి ముల్లు ఆనించింది.

పళ్ళెం వేగం అందుకుంది. సాగిన మాటలు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఏనుగు లేదు, బావీ లేదు. మూసిన కిటికీలన్నీ ఒక్కసారి తెరిచినట్టు, ఎవరో పడుచుపిల్ల పాడుతోంది.

దులిపే గుడ్డ పక్కన పడేసి మనవరాలు పెట్టెకి చెవి ఆనించింది.

పాట అయిపోయింది, తాత త్రేన్చాల్సిన చోట ఆ పిల్ల కిలకిలా నవ్వి అంది, "హమ్మయ్య, ఒడ్డున పడ్డాం!"