ఇంకొంచెం తేలిక

“ఇంకా తగ్గించండి మామయ్యా. చేత్తో పట్టుకుంటే ఇనుమని తెలియకూడదు.”

అల్లుడు బ్రేక్ డిస్కుని తెచ్చి లేత్ మిషను పక్కన బల్ల మీద పెట్టాడు. ఆ మిషను మీద ఇనుము చెక్కే టర్నరు కళ్లజోడు సర్దుకుని డిస్కు అంచు చూశాడు. ఇంతకంటే పలచన చేయకూడదని తయారుచేసినవాళ్లు ఆ అంచు మీదే అంకె కొట్టి పెట్టారు. మొన్న చెక్కినప్పుడే డిస్కు ఆ అంకె దాకా వచ్చేసింది.

“ఇక చెక్కితే బండి ఆగదు,” అన్నాడు టర్నరు.

“ఆగడానికి కాదు మామయ్యా, గెలవడానికి తోలేది.”

తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసే టర్నరు పిల్లనిచ్చాడు. ఇప్పుడది చూస్తేనే ఒళ్లు మండుతోంది.

వచ్చే ఆదివారం కొండ పందెం. ఒక్కో కారు కొండ రోడ్డెక్కి, పైన చుట్టు తిరిగి, మళ్లీ కిందికి దిగాలి. తొందరగా వచ్చినవాడిదే గెలుపు. పోయినసారి వెంట్రుకవాసిలో ఓడిపోయిన దగ్గర్నుంచి అల్లుడికి బరువు పిచ్చి పట్టుకుంది. వెనక సీట్లు పీకేశాడు. అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు బిగించాడు. ఇప్పుడెక్కడో వేరే కారు చక్రాలు, తేలికైనవి, సంపాదించాడు. వాటిలో బ్రేకులు ఇరుక్కుంటున్నాయి. అందుకని డిస్కు చుట్టూ అంచు కోసి చిన్నది చేయాలి, పనిలో పనిగా పలచన చేసి, నిండా బెజ్జాలు కూడా వేయాలి.

“ఇక ఆ కార్లో బరువైంది నువ్వొక్కడివే మిగిలావు అల్లుడూ,” అన్నాడు టర్నరు పుల్లవిరుపుగా.

అల్లుడు ఈసారి నవ్వలేదు. తన పొట్టకేసి ఓసారి చూసుకుని, “శనివారానికల్లా కావాలి,” అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కూతురు ఇంట్లో వాడే కారుని రిపేరుకని తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపింది. పెళ్లికి ముందు ఈ షెడ్డులో బాగుపడ్డ ప్రతి బండినీ రోడ్డు మీద పరీక్షించింది ఆ పిల్లే. అప్పట్లో వాగుడుకాయ. ఇప్పుడు తాళాలు బల్ల మీద పెట్టి మాటా పలుకూ లేకుండా నిలబడింది. ఎండ మాడ్చేస్తుంటే మణికట్ల దాకా చేతులున్న చొక్కా తొడుక్కుంది.

“చెయ్యి చూపించు.”

“తలుపు తగిలింది నాన్నా.”

“పోయినసారి కూడా తలుపేగా. ఆ తలుపుకి నీ మీద అంత పగేంటమ్మా?”

టర్నరు తనే చొక్కా చెయ్యి పైకి జరిపాడు, చూశాడు, మళ్లీ కిందికి దించేశాడు.

“ఇక్కడే ఉండిపో.”

“రెండుసార్లు ఉన్నానుగా. వచ్చి ఈడ్చుకుపోయాడు. ఈసారి వస్తే షెడ్డుకి నిప్పు పెడతాడట, నువ్వు లోపలుండగానే.”

“పోలీసుల దగ్గరికి మళ్లీ వెళ్దాం.”

“పోయినసారి ఆయనతో టీ తాగి వెళ్లారు నాన్నా. ఆ రాత్రి ఏం జరిగిందో నీకు చెప్పలేదు.” ఆమె చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుంది. “ఏదో ఒకరోజు చంపేస్తాడు. నాకు తెలుసు.”

టర్నరుకీ తెలుసు. తెలిసి నోరు మూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఆదివారం కొండ దగ్గరికి వెళ్లకు,” అన్నాడు.

“వెళ్లకపోతే ఊరుకుంటాడా?”

“సరే, వెళ్తే రోడ్డుకి దూరంగా నిలబడు. నా మాట విను.”

ఎందుకని ఆమె అడగలేదు. తలూపి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి టర్నరు లేత్ ఆన్ చేశాడు. ఇన్నేళ్లలో ఒక్క పాడు పని కూడా ఆ షెడ్డు గడప దాటి బయటికి పోలేదు. ఈసారి పోతుంది. వాడడిగిందే చేస్తున్నాను, నేనుగా ఒక్క పొర కూడా ఎక్కువ తీయడం లేదు అని తనకి తాను చెప్పుకున్నాడు. అంచు కోస్తుంటే దానితోపాటు ఆ అంకె కూడా రజనై రాలిపోయింది. తర్వాత పక్కపక్కనే బెజ్జాలు వేశాడు. ఎక్కేటప్పుడు ఏమీ కాదు. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే డిస్కు కాలి ఎర్రబడుతుంది, ఆ వేడికి బెజ్జం నుంచి బెజ్జానికి పగులు పాకుతుంది.

శనివారం అల్లుడు డిస్కుని వేలికి తగిలించుకుని గిర్రున తిప్పాడు. “మీరు దేవుడు మామయ్యా.”

“దిగేటప్పుడు జాగ్రత్త,” అన్నాడు టర్నరు. అనాలి కాబట్టి అన్నాడు.

ఆదివారం ఇంట్లోనే ఉందామనుకున్నాడు, కాలు నిలవలేదు. కొండ కింద తాడు కట్టిన చోట జనంలో దూరి నిలబడ్డాడు. కూతురి కోసం నలుదిక్కులా వెతికాడు. ఎక్కడా కనిపించలేదు. మాట విని దూరంగా ఉండిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

అల్లుడి కారు రివ్వున బయల్దేరింది. ప్లాస్టిక్ పలక వెనక హెల్మెట్ పెట్టుకున్న తల ఒక్క క్షణం కనిపించి మాయమైంది. కారు సునాయాసంగా పైకెక్కుతుంటే జనం ఈలలు వేశారు. టర్నరుకి జాలి కలుగుతుందేమోనని భయం వేసింది. కూతురి చెయ్యి గుర్తు తెచ్చుకున్నాడు. జాలి పోయింది.

కారు పైన చుట్టు తిరిగి దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపులో టైర్లు కీచుమన్నాయి. రెండో మలుపులో ముందు చక్రం దగ్గర సన్నగా పొగ లేచింది.

“మంచి చోటు పట్టారు మామయ్యా.”

టర్నరు వెనక్కి తిరిగాడు. అల్లుడు నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

“నువ్వు ఇక్కడున్నావేంటి?” టర్నరు కొండకేసి వేలు చూపించాడు. “మరి, ఆ కారు?”

అల్లుడు కొండకేసి చూస్తూ నవ్వాడు.

“మీరేగా నేనే బరువన్నారు. మీ అమ్మాయి తోలుతోంది.”