శారీ గార్డు

నా భార్య అమలమ్మను చంపింది ఆమె తమ్ముడు జయపాలే. అందంగా ఉండదని పాత మోటారు సైకిలుకి శారీ గార్డు పీకేసి, అక్కను ఎక్కించుకుని గుణదల తిరునాళ్లకు బయలుదేరాడు. దారిలో ఆమె కొంగు వెనక చక్రంలో పడింది.

ఇవాళ కంకిపాడులో వాడింటికి వెళితే, మూలన పడి ఉండాల్సిన ఆ బండికి వాకిట్లో రంగు వేస్తున్నాడు. అక్కడే ఉన్న సుత్తి తీసుకుని ట్యాంకు సొట్టలు పడేలా కొట్టాను. హెడ్‌లైటు పగలగొట్టాను. అడ్డొచ్చిన వాడి ఎడమ మోచెయ్యి చిట్లింది.

"నన్ను కొట్టు బావా! వెనక చక్రం జోలికి మాత్రం పోకు!"

చూశాను. అక్కడ కొత్త గార్డు ఉంది.

"ఎవరికిరా ఇది?"

"మా హెలెన్‌కి. నీళ్లోసుకుంది. ఆస్పత్రికి తిప్పాలిగా."

వాడి భార్య గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

గార్డు మీద ఒక్కటి వేశాను. అతుకు ఊడి కమ్మీ వేలాడింది.

"ఇదట్రా నువ్వు అతికింది? వెల్డింగు మిషను తియ్యి."

నెత్తురు కారుతుండగానే వాడు వెల్డింగు చేశాడు. కమ్మీ నేను పట్టుకున్నాను. అరచెయ్యి కాలినా వదల్లేదు. చల్లారాక గార్డును కాలితో తన్నాను. కదల్లేదు.

"బావా, ఆ రోజు అక్క..."

"నోర్ముయ్. అక్క పేరెత్తితే ఈ సుత్తి నీ నెత్తి మీద పడుద్ది. చచ్చేదాకా నేనూ ఎత్తను."