వంతెన దాటని బొగ్గు బండి

బొగ్గు బండి ఈసారి కూడా వంతెన ముందే బోల్తా పడింది.

టీవీ మీద ‘మళ్లీ ప్రయత్నించండి’ అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. రాజేశం చేతిలోని పిడిని సోఫా మీద పెట్టి, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“ఓ అనసూర్యా, చాయ్ పెట్టు” అన్నాడు.

రేవతి ముఖం చిన్నబోయింది. హైదరాబాదులో ఆమె ఉద్యోగమే వీడియో గేములు తయారుచేయడం. పక్షవాతం వచ్చి తగ్గిన తండ్రి కుడిచేతి కోసం ఈ ఆట తయారుచేసి, సెలవు పెట్టి గోదావరిఖని వచ్చింది. పిడిని బిగించి పట్టుకున్నంతసేపూ బండి పట్టాల మీద సాగుతుంది. వదిలితే బోల్తా. చూపు ఆనని వాళ్లకు కూడా తెలియాలని, వంతెన దగ్గరపడగానే సైరన్ మోగేలా పెట్టింది.

“చివరిదాకా పట్టుకుంటే ఇంక భయం లేదమ్మా. మధ్యలో పట్టు సడలితే మాత్రం హైదరాబాదు తీసుకుపోయి నరాల పరీక్షలు చేయించాలె” అని ఫిజియోథెరపిస్టు భానుప్రసాద్ పొద్దున చెప్పి వెళ్లాడు.

“జిందగీ అంత గనిల ఇంజన్ నడిపినోనివి, గీ బొమ్మ బండి నడుపరాదా?” అంది అనసూర్య వంటింట్లోంచి.

“నడిపితిని గదనే.”

“కష్టం ఎక్కువైనట్టుంది బాపు. తగ్గిస్త ఉండు” అంటూ రేవతి లాప్‌టాప్ తెరిచింది. బండి వేగం తగ్గించింది. మలుపులు తీసేసింది. పిడిని కొంచెం నొక్కినా సరిపోయేలా మార్చింది.

రాజేశం మళ్లీ పిడి పట్టుకున్నాడు. అంతా బాగానే సాగింది. సైరన్ మోగింది, వంతెన కనిపించింది, బండి పడిపోయింది.

“నొస్తున్నదా బాపు?”

“నొచ్చుడేంది? మంచిగనే ఉన్న.”

“మరి?”

“మరేంది? చాయ్ అయిందా లేదా?”

దాస్తున్నాడనుకుంది రేవతి. బాధ బయటికి చెప్పే మనిషి కాదు. పక్షవాతం వచ్చిన రోజు కూడా చెయ్యి తిమ్మిరెక్కిందని మాత్రమే అన్నాడు.

అనసూర్య కూతుర్ని వంటింట్లోకి పిలిచింది. “ఇంకింత అల్కగ చెయ్యరాదే.”

“ఇంక అల్కగ చేస్తే చేతికి పనే ఉండదవ్వా. పట్టుకోకున్నా బండి పోతది. అట్ల గెలిస్తే ఏం ఫాయిదా?”

“మనిషికి జర ధైర్యమన్న అస్తది గదా.”

తల్లి మాట కాదనలేకపోయింది రేవతి. బండి నత్తలా పాకేలా చేసింది. వంతెన వస్తోందని ముందుగా సిద్ధపడతాడని సైరన్ మోత కూడా పెంచింది. ఇల్లు అదిరిపోయేలా మోగింది. బండి అక్కడే పడింది.

అనసూర్య కొంగుతో కళ్లొత్తుకుంది. “రేపే హైదరాబాద్ పోదాం బిడ్డా. గా పరీక్షలేవో చేపిద్దాం. ముందుగాల గా మోత బంద్ పెట్టు. గుండె దడదడ కొట్టుకుంటున్నది.”

రేవతి శబ్దం మొత్తం ఆపేసింది. ఎలాగూ ఓడిపోయే ఆటే. చెయ్యి ఎంత బలహీనపడిందో డాక్టరుకు చెప్పడానికైనా పనికొస్తుందని, మొదట్లో ఉన్న కష్టమే పెట్టి పిడిని తండ్రికి అందించింది.

బండి దూకినట్టు కదిలింది. మలుపులన్నీ తిరిగింది. వంతెన ఎక్కింది. రాజేశం వేళ్లు ఇసుమంతైనా సడలలేదు. బండి వంతెన దాటి చివరి స్తంభం దగ్గర ఆగింది. టీవీ నిండా పూలు రాలాయి.

చాయ్ గ్లాసుతో వచ్చిన అనసూర్య గుమ్మంలోనే నిలబడిపోయింది. కొండగట్టు అంజన్నకు దండం పెట్టబోయి, చేతిలో గ్లాసు ఉందని గుర్తొచ్చి నవ్వేసింది. రేవతి గుండెల నిండా గాలి పీల్చుకుంది. తండ్రి మణికట్టు మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. పిడికిలి ఇంకా బిగిసే ఉంది.

“గెలిచినవ్ బాపు. ఇంక ఇడిసిపెట్టు. చాయ్ తాగు.”

రాజేశం టీవీ మీంచి చూపు తిప్పలేదు.

“సైరన్ మోగకముందే ఎట్ల ఇడిసిపెడ్త బిడ్డా? ఇంకా షిఫ్టు అయిపోలే.”